ఎక్కం చెప్పినవాడి చెయ్యి

హెడ్మాస్టరు కృపానందంగారు గొంతు పెంచే మనిషి కాదు. ఆ గురువారం కూడా పెంచలేదు. కేకలు వేసే మనిషైతే కాసేపటికి చల్లారతాడన్న ధైర్యమైనా ఉంటుంది. ఈయన మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడుతుంటే, ఎదురు కుర్చీలో కూర్చున్న ఫిన్నీ తల్లి స్టెల్లాకి ఆ ధైర్యం కూడా లేకపోయింది.

జరిగింది ఆయన జరిగినట్టే చెప్పారు. సోమవారం నాడు మూడో తరగతి టీచరు ఏదో పని మీద ఆఫీసు గదికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ క్లాసు లీడరు ఫిన్నీకి పిల్లల్ని అప్పగించింది. ఫిన్నీ అందరినీ ఎక్కాలు అడగడం మొదలుపెట్టాడు. ముస్తాక్ ఎనిమిదో ఎక్కం సగం దాకా చెప్పి ఆగిపోయాడు. ఫిన్నీ వాడి దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో ముక్కు పట్టుకుని, కుడిచేత్తో చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. ముస్తాక్ తల తిప్పడంతో దెబ్బ చెవి మీద పడింది. టీచరు తిరిగొచ్చేసరికి ఆ పిల్లవాడు చెవి మూసుకుని బెంచీ కింద ఉన్నాడు.

చెవి డాక్టరు చూశాడట. లోపలి పొరకేమీ కాలేదు, కాస్త వాచింది, చుక్కల మందు వేస్తే తగ్గిపోతుందన్నాడట. ఆ మాట చెవిన పడగానే స్టెల్లా తనకు తెలియకుండానే సిలువ గుర్తు వేసుకుంది. కృపానందంగారు ఆమె చెయ్యి దించేదాకా ఆగారు.

"చెవి తగ్గుతుందమ్మా. పిల్లాడే బడికి రానంటున్నాడు. ఆ మర్నాటి నుంచీ రావట్లేదు. కొట్టినవాడు క్లాసులో కూర్చుని, దెబ్బ తిన్నవాడు ఇంట్లో కూర్చుంటే అది బడి అనిపించుకోదు గదా."

ఇదివరకు కూడా ఫిన్నీ మీద ఒకటి రెండు మాటలు వచ్చాయని ఆయన గుర్తుచేశారు. మిగతా తల్లిదండ్రులు అడుగుతున్నారన్నారు. వచ్చే సోమవారానికల్లా ముస్తాక్ బడికొస్తే సరే. రాకపోతే ఫిన్నీకి టీసీ ఇచ్చి పంపించడం తప్ప తనకు దారి లేదన్నారు.

"మీవాడు చెడ్డవాడని నేననను," అన్నారు చివరికి. "చదువుతాడు. చెప్పిన మాట వింటాడు. ఇంత పద్ధతిగా కొట్టడం ఎక్కడ నేర్చుకున్నాడో, అదే నాకు అంతు పట్టట్లేదు."

"ఫోనేనండీ," అంది స్టెల్లా వెంటనే. "ఆ బొమ్మల్లో అన్నీ కొట్టుకోవడాలే."

ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగా అలాగే అనుకుంది. ఇంకెక్కడ నేర్చుకుంటాడు? ఇంట్లో పొద్దున లేస్తే జపం, పడుకునే ముందు జపం. తండ్రి ఫిలిప్ ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్. అలసిపోయి వచ్చి అన్నం తిని పడుకునే మనిషే గాని తాగే మనిషి కాదు, తిట్టే మనిషి కాదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, గుణదల కొండ మీద మాతకి మొక్కుకున్నాక పుట్టిన బిడ్డ ఫిన్నీ. అలాంటివాణ్ణి ఎనిమిదేళ్ళకే 'కొట్టే పిల్లాడు' అని పేరు పెట్టి బడి నుంచి పంపించేస్తే, ఆ పేరు ఎన్ని బళ్ళు మారిస్తే పోతుంది? దారి పొడుగునా స్టెల్లా మనసులో ఇదే తిరిగింది. రైల్వే గేటు తెరిచినా కాసేపు అలాగే నిలబడిపోయి, వెనక ఆటోవాడు హారన్ కొడితే కదిలింది.

ఇంటికి రాగానే ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఫిన్నీని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, పొరుగువాణ్ణి ప్రేమించమన్న వాక్యం కంఠతా పట్టమంది. వాడు పట్టేశాడు. పట్టేసి, తడబడకుండా అప్పజెప్పి, ఇంకేమన్నా ఉందా అన్నట్టు తల్లి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో తప్పు చేసిన బెరుకు ఎక్కడా లేదు. అదే ఆమెకి ఇంకా దిగులైంది.

ఫిలిప్ వచ్చాక సంగతంతా విన్నాడు. చేతులకున్న గ్రీజు కడుక్కుంటూనే, వాడికీ ఒకటి తగిలితే నెప్పి ఏంటో తెలుస్తుందన్నాడు. కడుక్కోవడం అయ్యాక నిజంగానే వాడి ముందుకొచ్చి చెయ్యెత్తాడు.

ఫిన్నీ కళ్ళార్పకుండా చూసి, "ఏ క్వశ్చన్ నాన్నా?" అన్నాడు.

"ఏంట్రా?"

"నేను చెప్పంది ఏ క్వశ్చన్?"

ఫిలిప్‌కి అది ఎదురు మాటలా వినిపించింది. స్టెల్లా అడ్డం వచ్చింది కాబట్టి సరిపోయింది. కొట్టొద్దని చెప్పడానికి కొట్టడమేంటని ఆమె అంటే, మరి మా నాన్న మమ్మల్ని అలాగే పెంచాడని అతను అన్నాడు. కొడుకు అడిగిన ప్రశ్నని మాత్రం ఆ రోజు ఇద్దరూ పట్టించుకోలేదు.

శుక్రవారం బడి వదిలాక స్టెల్లా ఫిన్నీని తీసుకుని పక్క వీధిలో ముస్తాక్ వాళ్ళింటికి వెళ్ళింది. ముస్తాక్ తండ్రి రహమతుల్లా సోఫాలు బాగుచేస్తాడు. గుమ్మం ముందు ఎప్పుడూ ఏదో ఒక సోఫా పొట్ట చీల్చినట్టు పడుంటుంది. ఆయన ఆ వేళ నమాజుకెళ్ళి, అటునుంచటే గన్నవరంలో ఎవరింటికో పనికి పోయాడు. తల్లి వజీరా లోపలికి రమ్మని ప్లాస్టిక్ కుర్చీ వేసింది. వద్దన్నా వినకుండా టీ పెట్టింది.

ముస్తాక్ కనపడలేదు. ఫ్రిజ్ వెనక, గోడకీ దానికీ మధ్య రెండు పాదాలు మాత్రం కనపడుతున్నాయి. తల్లి పిలిచినా రాలేదు. స్టెల్లా మోచేత్తో పొడిస్తే ఫిన్నీ ముందుకెళ్ళి ఆ పాదాలకేసి చూస్తూ, "సారీ ముస్తాక్," అన్నాడు. క్లాసులో పిల్లలందరూ కలిసి గుడ్ మార్నింగ్ చెప్పే రాగం ఉంటుంది చూడండి, అదే రాగంలో. పాదాలు ఇంకాస్త లోపలికి జరిగాయి.

స్టెల్లాకి తల కొట్టేసినట్టయింది. వజీరా చేతులు పట్టుకుని, ఆ ఫోనులో చూసి పాడైపోయాడమ్మా, ఎలా చెప్పుకోవాలో తెలియట్లేదు అంది. వజీరా నొచ్చుకుంది. తనకి స్టెల్లా అంటే గౌరవం. పిల్లలిద్దర్నీ ఆమె దగ్గరికే ట్యూషన్‌కి పంపిస్తుంది. ఇంత జరిగినా నాలుగో తరగతి చదివే కూతురు అఫ్సాని మాన్పించలేదు.

"పోనియ్ అక్కా, పిల్లలు," అంది వజీరా. "రోజూ ట్యూషన్లో తినేదేగా. స్కూల్లో కాస్త గట్టిగా తగిలింది, అంతే."

అందులో దెప్పుడు లేదు. టీ గ్లాసు అందిస్తూ ఎంతో మామూలుగా అంది. స్టెల్లా గ్లాసు అందుకుని అలాగే పట్టుకుంది.

"రోజూనా?" అంది.

"వీడికి ఎక్కాలు రావుగా మరి," అని వజీరా, ఆ తప్పేదో తన పెంపకానిదే అయినట్టు సిగ్గుపడుతూ నవ్వింది.

స్టెల్లా ట్యూషన్ సంగతి ఇక్కడ చెప్పాలి. రేకుల కప్పున్న వసారాలో చాపలు పరిచి, సాయంత్రం ఐదింటి నుంచి ఏడింటి దాకా వీధిలో పిల్లలకి చదువు చెబుతుంది. ఆమె చదివింది ఇంటర్ దాకానే అయినా ఓపిక ఎక్కువ, అక్షరం గుండ్రంగా రాయిస్తుంది. మొదలుపెట్టే ముందు అందరి చేతా కళ్ళు మూయించి, మమ్మల్ని మంచి పిల్లల్ని చెయ్యి దేవుడా అని ప్రార్థన చేయిస్తుంది. ఏ ఇంటి పిల్లలు ఆ ఇంటి దేవుణ్ణి తలుచుకుంటారు. బెత్తం లేదు. ఉయ్యూరులో తను చదివిన బళ్ళో ఒక మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టేవాడు. అది చూసి చిన్నప్పుడే అనుకుంది, నేను టీచరునైతే ఒక్క పిల్ల మీదా చెయ్యెత్తనని. కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లులకి ఆ మాట గర్వంగా చెప్పేది కూడా. చెప్పినట్టే ఎన్నడూ ఎత్తలేదు.

అయితే అదే ఉయ్యూరు బళ్ళో ఇంకో మంచి టీచరమ్మ ఉండేది. ఆవిడా కొట్టేది కాదు. ప్రశ్న అడుగుతుంది. వరసగా నిలబెడుతుంది. చెప్పినవాళ్ళు, చెప్పలేనివాళ్ళ ముక్కు పట్టుకుని చెంప మీద ఒకటి వెయ్యాలి. అది పిల్లలకి సరదాగా ఉంటుంది, పట్టుదల వస్తుంది, టీచరు చేతికి పాపం అంటదు. మన వైపు బళ్ళలో చదువుకున్నవాళ్ళెవరికీ ఇది కొత్త కాదు. స్టెల్లా ట్యూషన్లోనూ అదే నడుస్తోంది. ఆమె ప్రశ్న అడిగి బోర్డు వైపు తిరుగుతుంది, వెనక చెంపలు మోగుతాయి, ఎవరో కిసుక్కుమంటారు, ఆమె తరవాతి ప్రశ్న రాస్తుంది. దాన్ని కొట్టడం అని ఆమె ఏనాడూ అనుకోలేదు. వంటింట్లో కుక్కరు కూత లాగా అదొక చప్పుడు, అంతే.

ఫిన్నీ తల్లి దగ్గరే ఉండి చదువుతాడు కాబట్టి వాడికి అన్నీ వచ్చు. రోజూ చెప్పేవాడు వాడే. అంటే రోజూ కొట్టేవాడు వాడే. వాడి ముక్కు పట్టుకున్నవాళ్ళు ఇంతవరకూ ఒక్కళ్ళూ లేరు.

ఆ శుక్రవారం సాయంత్రం ఆమె బోర్డు వైపు తిరగలేదు. అలవాటుగా ఎనిమిదో ఎక్కం అడిగింది. అఫ్సా వంతు వచ్చింది. "ఎయిట్ సిక్సెస్ ఆర్ ఫార్టీ ఎయిట్" దాకా వచ్చి ఆగింది. ఫిన్నీ గబగబా మిగతాది చెప్పేసి, అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాడు. వాడు ఇంకా చాప దాటనే లేదు. అఫ్సా ఎడమ చెవి దుద్దు శీల తిప్పి తీసేసి, గుప్పిట్లో పెట్టుకుంది. చెంప మీద పడ్డ వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుంది. తరవాత కళ్ళు మూసుకుని, మొహం కాస్త పైకెత్తి పట్టుకుంది.

ఏడుపు లేదు, బతిమాలడం లేదు. దుద్దు గుచ్చుకోకుండా తీసుకుంది, అంతే. ఎన్ని సాయంత్రాలు అలా తీసుకుని ఉంటుందో.

"కూర్చో ఫిన్నీ," అంది స్టెల్లా.

వాడికి అర్థం కాలేదు. ఇంకో అడుగు వేశాడు. ఈసారి ఆమె గట్టిగా అంది. పిల్లలందరూ తలలెత్తారు. ఫిన్నీ ఉన్నచోటే ఆగిపోయాడు.

"కరెక్టుగానే చెప్పాగా అమ్మా," అని ఏడుపు మొదలుపెట్టాడు.

హెడ్మాస్టరుగారు మెల్లగా చెబితే రాలేదు గాని, ఆ ఒక్క మాటకి స్టెల్లాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీడు చెడ్డపని చేస్తున్నాననుకుని ఏనాడూ చెయ్యలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. తండ్రి చెయ్యెత్తితే ఏ క్వశ్చన్ అని అడిగింది ఎదురు మాట కాదు. బుద్ధిమంతుడి సందేహం.

శనివారం పొద్దున ఆమె ఒక్కతే కొండ కింద మాత గుడికి వెళ్ళింది. జపమాల చేతిలో ఉంది గాని పూసలు జరగలేదు. అమ్మా, నీకు మొక్కుకుని కన్న బిడ్డని నేనే ఇలా తయారుచేశానా అని అడిగింది. రోజూ పిల్లల చేత కళ్ళు మూయించి మంచితనం ఇమ్మని అడిగించాను, కళ్ళు తెరిచాక చెంపలు వాయించమన్నాను, ఈ రెండూ ఒకే వసారాలోంచి నీకు ఎలా వినపడ్డాయి తల్లీ అని అడిగింది. ఇన్నాళ్ళూ ప్రార్థన చేశాం గనక మంచి జరుగుతుందని అనుకోవడమే గాని, ప్రార్థన అయ్యాక చేసే పనిని ఆమె ఎన్నడూ తిరిగి చూసుకోలేదు. జవాబేమీ రాలేదు. కళ్ళు మూసుకుంటే అఫ్సా గుప్పిట్లోకి వెళ్ళిన దుద్దే కనపడింది. కొవ్వొత్తి వెలిగించి ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రం ప్రార్థన కాగానే ఇవాళ్టి నుంచి ముక్కు పట్టుకోవడం లేదని చెప్పింది. చెప్పలేనివాళ్ళ మొహాలు విచ్చుకుంటాయనుకుంది. ముందుగా లేచింది వినీల. రెండో తరగతి పిల్ల.

"ఆంటీ, ఇన్నాళ్ళూ అందరూ నా చెంప మీదేశారు. ఇవాళ నేను మొత్తం నేర్చుకొచ్చా. ఈ ఒక్కరోజు వెయ్యనియ్యండి, రేపట్నించి మానేద్దాం."

పిల్లలు నవ్వారు. స్టెల్లాకీ నవ్వొచ్చింది గాని సగంలోనే ఆగిపోయింది. ఎక్కం నేర్చుకుంది ఈ పిల్ల ఇందుకా?

బదులుగా ఏం చెయ్యాలో ఆమెకి పెద్దగా తెలియదు. దీనికి ఎక్కడో పుస్తకాలుంటాయి, చదువుకున్నవాళ్ళు ఏవో పేర్లు పెట్టి ఉంటారు. తనకి తోచింది చెప్పింది. చెప్పినవాళ్ళు లేచి వెళ్ళండి, వెళ్ళి చెప్పలేనివాళ్ళ పక్కన కూర్చోండి, ఎందుకు రాలేదో అడగండి, అడిగి నాకొచ్చి చెప్పండి. నడవడం పాత నడకే. వెళ్ళాక చేసేదే వేరు.

కాసేపు వసారా అంతా గోలగోలగా అయిపోయింది. ఒకడు నిన్న పెళ్ళికెళ్ళాడట. ఒకడి పుస్తకం తమ్ముడు చింపేశాడట. ఒకతి అసలు నువ్వెవరే అడగడానికి అని తగువుకి దిగింది. గన్నవరం విమానం ఒకటి కిందుగా పోతే అందరూ పని మానేసి పైకి చూశారు. ఆ హడావిడిలో ఫిన్నీ వెళ్ళి అఫ్సా పక్కన కాస్త దూరంగా కూర్చున్నాడు. స్టెల్లా వాళ్ళకి దగ్గరలోనే ఇంకో పిల్లకి పలక దిద్దుతున్నట్టు కూర్చుంది.

"ఎందుకు రాలా?" అన్నాడు ఫిన్నీ, పోలీసు లాగా.

అఫ్సా తల దించుకుంది. రెండోసారి అడిగితే చాప పుల్ల గిల్లుతూ, "వచ్చు," అంది.

"మరి చెప్పలేదే?"

"నువ్వు లేస్తావుగా. నువ్వు లేస్తున్నావంటే నాకు ఇక్కడ దడదడమంటది. అన్నీ పోతాయ్."

ఫిన్నీ చాప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు లేవలేదుగా. చెప్పు."

"నువ్వు చూస్తన్నావుగా. అటు తిరుగు."

వాడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అఫ్సా గొంతు సవరించుకుంది. ఎయిట్ వన్స్ దగ్గర మొదలుపెట్టి, నిన్న ఆగినచోట ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ అందుకుని, ఎయిట్ టెన్స్ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. గోడ వైపు తిరిగే ఉన్న ఫిన్నీ మొహం స్టెల్లాకి పక్క నుంచి కనపడుతోంది. లెక్క తప్పు వచ్చినప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"అమ్మా, దీనికి మొత్తం వచ్చు," అన్నాడు నెమ్మదిగా. తరవాత అఫ్సా వైపు తిరక్కుండానే అడిగాడు. "ముస్తాక్‌కి కూడా వచ్చా?"

"వాడు బాత్రూంలో పాటలాగా పాడతాడు ఎయిట్ టేబుల్."

ఆ సాయంత్రం మిగతా లెక్కల్లో ఫిన్నీ రెండు తప్పు చేశాడు. ఎప్పుడూ చెయ్యడు.

ఆదివారం పూజ అయ్యాక, గుడి బట్టలతోనే స్టెల్లా, ఫిన్నీ మళ్ళీ వజీరా ఇంటికి వెళ్ళారు. ఫిలిప్ కూడా వస్తానన్నాడు గాని, ఇది ముందు నేను చెప్పుకోవాల్సిన మాట అని స్టెల్లా ఆపింది. రహమతుల్లా ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో సోఫాకి కొత్త గుడ్డ బిగిస్తూ, రండమ్మా అని సుత్తి పక్కన పెట్టాడు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "ఫోను కాదు వజీరా. నేనే. నా ట్యూషన్లోనే నేర్చుకున్నాడు. మీ పిల్లలిద్దరి చెంపలూ నేను వాయించలేదు గాని వాయించమన్నది నేనే."

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. మా చిన్నప్పుడూ అంతేగా అక్కా, ఇందులో ఏముంది అని వజీరా ఏదో సర్దబోయింది. రహమతుల్లా మాత్రం, "చెవి కాబట్టి సరిపోయింది, కన్నయితే?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే దాన్ని తలుచుకుని. స్టెల్లా తల దించుకుంది. అవునండీ అంది. ఆ ఒక్క మాట ఎవరో ఒకరు తనతో అనాలని ఈ రెండు రోజులూ ఎదురుచూసినట్టుగా ఉంది ఆమెకి.

ఈలోపు ఫిన్నీ ఫ్రిజ్ దగ్గరికి పోయాడు. పాదాలు అక్కడే ఉన్నాయి. వాడు వీపు అటు పెట్టి, ఫ్రిజ్‌కి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. సారీ చెప్పలేదు.

"ముస్తాక్, నేను చూడట్లేదు," అన్నాడు.

చాలాసేపటికి లోపలి నుంచి సన్నగా ఒక గొంతు అడిగింది. "ముక్కు పట్టుకుంటావా?"

"పట్టుకోను."

"రేపు?"

"రేపూ పట్టుకోను. ట్యూషన్లో తీసేశారు."

"స్కూల్లో?"

ఫిన్నీ ఆలోచించాడు. "స్కూల్లో ఎవరూ పట్టుకోమన్లేదు. నేనే పట్టుకున్నా," అన్నాడు. మోకాళ్ళు చుట్టుకుని, "నెప్పిగా ఉందా ఇంకా?" అని అడిగాడు. ఈసారి ఆ గొంతులో గుడ్ మార్నింగ్ రాగం లేదు.

"చుక్కలేస్తే చల్లగా ఉంటది. తర్వాత గుయ్యిమంటది," అంది ఫ్రిజ్ వెనక గొంతు.

ఎంత గుయ్యి, విమానమంతా, దోమంతా అని ఫిన్నీ అడిగాడు. దోమంత అని జవాబొచ్చింది. అంతే. ముస్తాక్ బయటికి రాలేదు. రేపు బడికొస్తావా బాబూ అని స్టెల్లా అడిగితే పలకలేదు. బలవంతం చెయ్యకండి అని రహమతుల్లా అన్నాడు. వజీరా గుమ్మం దాకా వచ్చి, చూద్దాం అక్కా అంది.

సోమవారం స్టెల్లా బిడ్డని తీసుకుని పెందలాడే బడికి వెళ్ళింది. ఫిలిప్ డ్యూటీకి పోతూ, ఏ సంగతీ ఫోన్ చెయ్యమన్నాడు. ఫిన్నీ పిల్లల్లోకి వెళ్ళిపోయాడు. వాడి చొక్కాకి లీడరు బ్యాడ్జీ లేదు. ఎవరూ తియ్యమనలేదు, వాడే తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తీసుకెళ్ళి కృపానందంగారి బల్ల మీద పెట్టింది. పెట్టి, మీరు అడిగినదానికి మొన్న తప్పు చెప్పానండీ అని మొదలుపెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన ఏమంటారోనని కాదు, గేటు వైపే ఆమె ధ్యాసంతా.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మేమూ మానేసి ఎన్నో ఏళ్ళు కాలేదమ్మా," అన్నారు. "కొట్టకూడదని ఆర్డరొస్తే బెత్తాలు దాచేశాం. లీడర్ల చేతికిచ్చింది మాత్రం ఎవరం తిరిగి తీసుకోలేదు." అయినా సోమవారం అన్న మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. ముస్తాక్ రావాలి. దాన్ని ఆమె కూడా తప్పనుకోలేదు.

గంట కొట్టారు. పిల్లలు వరసలు కట్టారు. ప్రార్థన మొదలైంది. స్టెల్లా గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లల గొంతులతో కలిసి తనూ పెదవులు కదిపింది గాని ఏం కదిపిందో ఆమెకే తెలియదు. ప్రార్థన అయిపోయింది. ప్రతిజ్ఞ అయిపోయింది. మూడో తరగతి వరసలో ఒక ఖాళీ అలాగే ఉంది. కృపానందంగారు ఒకసారి గేటు వైపు, ఒకసారి ఆమె వైపు చూశారు. ఇంక అయిపోయింది అనుకుంది. టీసీ తీసుకుని ఏ బడికి వెళ్ళాలో, అక్కడ ఏమని చెప్పాలో లోలోపల వెతుక్కోవడం కూడా మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది వజీరా. ఒక చేత్తో అఫ్సాని, ఒక చేత్తో ముస్తాక్‌ని పట్టుకుని, బురఖా అంచు కాళ్ళకి అడ్డం పడుతుంటే దాదాపు పరుగున. చుక్కలు వేసి దూది పెట్టేసరికి ఆలస్యమైందని రొప్పుతూ చెప్పింది.

ముస్తాక్ గేటు లోపల ఆగిపోయాడు. చెవిలో దూది ఉంది. వరస వైపు చూశాడు. ఫిన్నీ వాణ్ణి చూశాడు. చూసి, సంబరంగా చెయ్యి పైకెత్తాడు, ఇటు రా అన్నట్టు. ఆ చెయ్యి లేవగానే ముస్తాక్ భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. అంత దూరంలో ఉన్నా లేచాయి. ఫిన్నీ అది చూశాడు. ఎత్తిన చెయ్యి గబుక్కున దించేసి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. అలాగే చేతులు కట్టుకుని, ముందున్నవాడి వీపు చూస్తూ నిలబడ్డాడు.

ముస్తాక్ భుజాలు కొద్దికొద్దిగా కిందికి దిగాయి. తల్లి చెయ్యి వదిలాడు. ఫిన్నీ పక్కకి వెళ్ళలేదు. వరస చివరికి పోయి నిలబడ్డాడు. టీచరు ముందుకి నడవమంటే అందరితో పాటు నడిచి లోపలికి పోయాడు.

కృపానందంగారు ఆమెకేసి చూసి తలాడించి, తన గదిలోకి వెళ్ళిపోయారు.

స్టెల్లా గేటు పక్క మెట్టు మీద కూర్చుండిపోయింది. వజీరా కూడా వచ్చి పక్కనే కూలబడి, బురఖా చెంగుతో మొహం తుడుచుకుంది. ఫిన్నీ ఇంకెప్పుడూ ఎవరి మీదా చెయ్యి వెయ్యడా? స్టెల్లాకి తెలియదు. తను చూడకుండా వదిలేసినవి ఇంకా ఎన్ని ఉన్నాయో అదీ తెలియదు. కానీ ఆ చేతులు వీపు వెనక్కి వెళ్ళడం కళ్ళారా చూసింది. అప్పుడు గాని ఆకలి తెలియలేదు. పొద్దున ఏమీ తినలేదు.

లోపల మూడో తరగతి గదిలో హాజరు పిలుస్తున్నారు. ముస్తాక్ పేరు పిలిచినప్పుడు ఇద్దరు తల్లులూ మాట్లాడటం ఆపేశారు. "ప్రెజెంట్ టీచర్" అని వినపడింది, సన్నగానే అయినా.

"ట్యూషన్ ఐదింటికేగా అక్కా?" అంది వజీరా. "ఇవాళ ఇద్దర్నీ పంపిస్తా."

"ఐదింటికే," అంది స్టెల్లా. అని, పద, ముందు నాలుగు ఇడ్లీలు తిందాం అని వజీరా చెయ్యి పట్టుకుని లేచింది.